హమ్మయ్య అనిపించిన చోట ఒక్కసారి ఆగండి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి, మొహమాటపడకండి.

మొదట ఒక మాట చెప్పేసి మొదలుపెడతాను. ఇందాక పక్క గదిలో కూర్చున్నప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి, నోరెండిపోయి రెండుసార్లు మంచినీళ్ళు తాగాను, ఇప్పుడు కూడా ఈ మైక్ పట్టుకున్న చెయ్యి కొంచెం వణుకుతోంది, ముందు వరసలో వాళ్ళకి కనిపిస్తూ ఉండొచ్చు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, భయం గురించి మాట్లాడ్డానికి వచ్చిన మనిషికి అసలు భయమే ఉండదని మీరు అనుకుని వెళ్ళిపోతే నేను చెప్పబోయేదంతా వృథా. నాకు భయం పోలేదండి. భయం ఉండగానే మాట్లాడ్డం వచ్చింది. ఈ తేడా తెలుసుకోడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది, మీకు అంత టైం పట్టకూడదనే ఇవాళ వచ్చాను.

నాకప్పుడు 12 ఏళ్ళు. స్కూల్లో ఏదో ఫంక్షన్, నేను ఒక చిన్న ప్రసంగం బట్టీ పట్టాను, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. స్టేజ్ ఎక్కాను, మొదటి రెండు వాక్యాలు వచ్చాయి, మూడోది రాలేదు. మైక్ గుయ్యిమని చిన్నగా మోగుతూ ఉంది, పక్కనుంచి టీచర్ అందిస్తున్నారు, ఆవిడ పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క ముక్క వినపడట్లేదు, గౌను అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలుపుతూ అలాగే నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు, అది నాకు బాగా గుర్తుంది. చివరికి టీచరే వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళారు. మెట్లు దిగి చీకట్లోకి రాగానే నా నోట్లోంచి వచ్చిన మాట, హమ్మయ్య.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మాట గురించే.

తర్వాతి సంవత్సరం పేరు ఇవ్వమంటే గొంతునొప్పి అన్నాను. హమ్మయ్య. ఆ పై ఏడాది వేరే అమ్మాయి బాగా మాట్లాడుతుంది టీచర్ అని నేనే పేరు చెప్పాను. హమ్మయ్య. కాలేజీలో సెమినార్ ఉన్న రోజు వెళ్ళలేదు, మార్కులు పోయాయి, పోతే పోయాయి, హమ్మయ్య. బయటవాళ్ళకి నేను నెమ్మదస్తురాలిని, మితభాషిని. నేను కూడా అదే నా స్వభావం అనుకున్నాను. ఎన్నేళ్ళయినా ఒక్కసారి కూడా భయం అనే పదం వాడలేదు చూడండి, ఎప్పుడూ ఒక కారణం ఉండేది, చాలా మర్యాదస్తమైన కారణం.

31 ఏళ్ళప్పుడు నేను పనిచేసే చోట ఎనిమిది నెలలు కష్టపడి ఒక పని పూర్తి చేశాను, దాని గురించి పెద్దవాళ్ళ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. నా పక్కన కూర్చునే ఆయనకి స్లైడ్లన్నీ తయారుచేసి, ఏ స్లైడ్ దగ్గర ఏం చెప్పాలో కూడా రాసిచ్చి, నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆయన బాగానే చెప్పారు. ఆఖర్లో ఒకావిడ ఒక ప్రశ్న అడిగారు. చాలా మంచి ప్రశ్న, దానికి జవాబు ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే మూడు వారాలు దాని మీదే కొట్టుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, కనుక్కుని చెప్తానండీ అన్నారు. నా నోరు తెరుచుకుంది. మాట రాలేదు. ఆవిడ సరే అని పుస్తకం మూసేశారు, అందరూ లేచారు.

అప్పుడు కూడా మొదట వచ్చింది హమ్మయ్యే. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆవిడ పుస్తకం మూసిన చప్పుడు చెవుల్లో ఉండిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల మాట మర్చిపోయింది, అది వేరు. ఇక్కడ నాకు మాట తెలుసు, గుర్తుంది, నాలుక చివర ఉంది, అయినా మింగేశాను. ఆ రాత్రి మొదటిసారి నాతో నేను అన్నాను, ఇది స్వభావం కాదు, ఇది భయం అని.

ఇప్పుడు ఈ హమ్మయ్య ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. భయపెట్టే పని ఎదురుపడింది, గుండె దడ మొదలైంది, తప్పుకున్నాం, దడ తగ్గింది. ఎంత హాయిగా ఉంటుంది ఆ క్షణం! మెదడు ఆ హాయిని రాసిపెట్టుకుంటుంది, తప్పుకుంటే బాగుంటుంది అని. ఈసారి ఇంకొంచెం ముందే తప్పుకోమంటుంది. పైగా మనం తప్పుకున్నాం కాబట్టి అసలు ఏం జరిగేదో చూడలేదు, అందుకని మన ఊహలో ఉన్న ఘోరం అలాగే చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. సైకాలజీలో తప్పించుకోవడం మీద 1940ల నుంచీ రాస్తూనే ఉన్నారు, ఊరట అనేదే ఒక బహుమతిలా పనిచేసి ఆ అలవాటుని గట్టిపరుస్తుందని. నా మాటల్లో చెప్పాలంటే ప్రతి హమ్మయ్యా భయానికి మనం పెట్టే ఒక ముద్ద, తిని తిని అది ఇంటిమనిషి అయిపోతుంది, ఇంక పొమ్మన్నా పోదు.

మరి భయం చెడ్డదా అంటే కాదు, అది లేకపోతే మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు. మసక చీకట్లో నడుస్తున్నారు, కాలి ముందు వంకరగా ఏదో ఉంది, మీకు తెలిసేలోపే కాలు వెనక్కి వచ్చేసింది, తర్వాత చూస్తే తాడు. తాడుని చూసి పామనుకోవడం అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నదే. జోసెఫ్ లెడూ అనే న్యూరోసైంటిస్ట్ చెప్పింది దాదాపు ఇదే, ప్రమాదం కబురు మెదడులో అమిగ్డాలా అనే చోటికి రెండు దారుల్లో వెళ్తుంది, ఒకటి చాలా త్వరగా వెళ్ళే దారి కానీ బొమ్మ మసకగా ఉంటుంది, ఇంకోటి కాస్త ఆలస్యంగా వచ్చే దారి, వివరంగా ఉంటుంది. కాలు వెనక్కి తీసింది మొదటి దారి, తాడే అని చెప్పింది రెండో దారి. (అమిగ్డాలానే భయం సెంటర్ అని చాలామంది రాసేస్తుంటారు, అలా అనడం సరికాదని లెడూనే తర్వాత చెప్పారు, భయంగా ఉంది అని మనకి తెలియడం వెనక మెదడులో ఇంకా చాలా పని ఉంది.) మన చిక్కేంటంటే, పరీక్షా ఇంటర్వ్యూ స్టేజ్ కొత్త ఉద్యోగం, వీటికీ ఒళ్ళు పాముకి స్పందించినట్టే స్పందిస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలకి రక్తం ఎక్కువ వెళ్తుంది, అరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి కడుపులో అదోలా ఉంటుంది, లాలాజలం తగ్గి నోరెండుతుంది, అరచేతులు చెమర్చుతాయి. వాల్టర్ కానన్ అనే ఫిజియాలజిస్ట్ 1915లోనే దీన్ని వివరంగా రాశారు, పోరాడ్డానికో పారిపోడానికో ఒళ్ళు సిద్ధమవడం అది. అంటే మీ గుండె దడదడలాడుతోంది అంటే మీరు చేతకానివాళ్ళని కాదండి అర్థం, మీ ఒళ్ళు పనికి రెడీ అయింది, అంతే.

దీంట్లో పనికొచ్చే కిటుకు ఒకటుంది. మనకెవరైనా టెన్షన్ పడుతుంటే ఏమంటాం, ప్రశాంతంగా ఉండు ప్రశాంతంగా ఉండు అంటాం. పరుగెత్తే గుండెని పడుకో అంటే పడుకోదు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు కొన్ని ప్రయోగాలు ప్రచురించారు, అందులో ఒకదాంట్లో ప్రసంగానికి ముందు నేను ప్రశాంతంగా ఉన్నాను అని పైకి అన్నవాళ్ళ కంటే, నాకు ఉత్సాహంగా ఉంది అని అన్నవాళ్ళు మెరుగ్గా మాట్లాడారు. ఆలోచిస్తే సబబే, ఉత్సాహానికీ గుండె అలాగే కొట్టుకుంటుంది కదా, దాన్ని ఆపక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. ఇందాక పక్క గదిలో నేను చేసిందీ అదే, ఇంతమంది వచ్చారు, ఇవాళ బాగుంటుంది అని రెండుసార్లు పైకే అనుకున్నాను.

ఇంక అసలు సంగతికి వస్తాను. మన భయాలన్నిటికీ తల్లి లాంటి భయం ఒకటుంది, మీ అందరికీ తెలుసు దాని పేరు, నలుగురూ ఏమనుకుంటారో. ఎవరండీ ఆ నలుగురు? నేను ఒకసారి కాగితం తీసుకుని నిజంగానే పేర్లు రాద్దామని కూర్చున్నాను. నేను మాట్లాడి తడబడితే నవ్వే ఆ నలుగురు ఎవరు? మొదటి పేరు రాశాను, ఆలోచిస్తే ఆయన నన్ను పట్టించుకునేంత ఖాళీగా ఉండరు. రెండో పేరు రాశాను, ఆవిడ నవ్వితే నాకు బాధ ఉంటుంది నిజమే, కానీ ఆవిడ ఎప్పుడూ ఎవర్నీ చూసి నవ్వగా నేను చూడలేదు. మూడో పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. నలుగురు దొరకలేదు నాకు. ఇరవై ఏళ్ళు నేను భయపడిన ఆ జనానికి మొహాలు లేవు. మీరూ ఇవాళ ఇంటికెళ్ళి రాసి చూడండి, నోటితో అనుకోవడం వేరు, పేర్లు రాయడం వేరు.

కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ వాళ్ళు చేసిన ప్రయోగం ఒకటి 2000లో వచ్చింది. ఒక స్టూడెంట్‌కి, వేసుకుంటే సిగ్గుగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగి, తోటివాళ్ళు కూర్చున్న గదిలోకి పంపేవాళ్ళు. బయటికొచ్చాక, లోపల ఎంతమంది నీ టీషర్ట్ గమనించి ఉంటారు అని అడిగితే, దాదాపు సగం మంది అని చెప్పేవాళ్ళు. నిజంగా గమనించింది అందులో సగమే, అంటే గదిలో నాలుగో వంతు లోపు. దీన్నే స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అంటారు, లైటంతా మన మీదే ఉందనుకుంటాం, కానీ అవతలివాళ్ళు ఎవరి లైట్ కింద వాళ్ళు చెమటలు పట్టి నిలబడి ఉన్నారు. మన వణుకు విషయంలోనూ ఇంతే, లోపల మనకి ఎంత వణుకు తెలుస్తుందో అంతా బయటికి కనపడిపోతోంది అనుకుంటాం. గిలోవిచ్, కెనెత్ సవిట్స్కీ కలిసి 2003లో ప్రచురించిన పనిలో, మీ కంగారు మీరనుకున్నంతగా బయటికి కనపడదు అని ముందే చెప్పించుకున్న వక్తలు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడారని తేలింది. ఆ ఒక్క సమాచారం చాలింది వాళ్ళకి. మందు కాదు, ట్రైనింగ్ కాదు, ఒక నిజం తెలియడం.

కానీ తెలిసినంత మాత్రాన భయం పోదు, ఇది నేను గట్టిగా చెప్తాను. ఇప్పుడు నేను చెప్పినవన్నీ విని మీరు బయటికెళ్ళి రేపు పొద్దున్న అదే పని ముందు నిలబడితే అదే దడ వస్తుంది. భయానికి చెవులు లేవు, అది మాటలు వినదు, చూసి నేర్చుకుంటుంది. దానికి చూపించాలి.

ఎలా చూపించాలో చెప్పడానికి నాకు చాలా ఇష్టమైన ఒక పిల్లాడి కథ ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్ట్ రాసిన కేసు అది, పిల్లాడి పేరు పీటర్ అని రాశారు, మూడేళ్ళు కూడా పూర్తిగా నిండలేదు. కుందేలంటే హడల్. గదిలో ఏ మూల బోనులో కుందేలున్నా ఏడుపే. ఆవిడ ఏం చేశారంటే, కుందేలుని బోనులో పెట్టి పీటర్‌కి దూరంగా ఉంచారు. 12 అడుగుల దూరంలో ఉంటే ఓర్చుకోగలిగాడు. తర్వాత 4 అడుగులు. తర్వాత 3. తర్వాత బోను పక్కనే. తర్వాత బోనులోంచి బయటికి తీసి గదిలో వదిలారు. తర్వాత ఆవిడ పట్టుకుని ఉంటే వీడు వేలితో తాకాడు. మధ్యమధ్యలో కుందేలంటే భయంలేని పిల్లల్ని కూడా అదే గదిలో ఆడుకోనిచ్చారు, వాళ్ళు దాన్ని ముట్టుకోవడం వీడు చూస్తుండేవాడు. ఆఖరికి ఆ కుందేలు వాడి వేళ్ళు కొరుకుతుంటే వాడు అలాగే ఉండనిచ్చాడు. ఎవరూ వాడికి ధైర్యంగా ఉండరా అని లెక్చర్ ఇవ్వలేదు, కుందేలు ఏమీ చెయ్యదురా అని వాదించలేదు. అడుగుల లెక్క, అంతే.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది, చాలామంది అది చెప్పకుండా వదిలేస్తారు, నాకు మాత్రం అదే ముఖ్యం. మధ్యలో పీటర్‌కి జబ్బుచేసి రెండు నెలలు రాలేదు. ఆస్పత్రి నుంచి వెళ్ళేటప్పుడు ఒక పెద్ద కుక్క వాడి మీదికి దూకింది. బాగా బెదిరిపోయాడు. తిరిగొచ్చేసరికి కుందేలు భయం మళ్ళీ మొదటికొచ్చింది, అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే అయింది. జోన్స్ మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ దూరం నుంచి, ఈసారి వాడిని కూర్చోబెట్టి ఇష్టమైనవి తినిపిస్తూ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

నేను నా 12 అడుగులు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను. స్టేజ్ అంటే బోనులేని కుందేలు, అది ఇప్పుడే కాదు. నా లిస్ట్ ఇలా ఉండేది. ఐదుగురుండే వారం మీటింగ్‌లో ఒక్క వాక్యం మాట్లాడాలి, అది కూడా ఎవరో చెప్పినదాన్ని అవును అని బలపరిచే వాక్యం. తర్వాత ఒక ప్రశ్న అడగాలి. తర్వాత నా సొంత అభిప్రాయం ఒకటి. తర్వాత నిలబడి రెండు నిమిషాలు. తర్వాత పదిహేను మంది. అలా. ప్రతి దాని పక్కన సున్నా నుంచి వంద దాకా ఎంత భయమో మార్కులు వేసుకున్నాను, మొదటి వాక్యానికి నలభై వేశాను. మీకు నవ్వొచ్చినా పర్లేదు గానీ ఆ నలభైకే నేను రెండు వారాలు తీసుకున్నాను. లిస్ట్ వేసుకునేటప్పుడు జాగ్రత్త ఒకటే, మొదటి మెట్టు ఎలా ఉండాలంటే దాన్ని చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉండాలి కానీ కాళ్ళు పారిపోకూడదు. చాలామంది ఆవేశంలో మొదటి మెట్టే ఎనభై మార్కులది పెట్టుకుంటారు, ఎక్కలేరు, నావల్ల కాదని తేల్చేసుకుంటారు. మెట్టు ఎత్తు తప్పండీ అది, మీరు కాదు.

దాంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేజీ మధ్యలో గీత, ఎడమవైపు అనుకున్నది, కుడివైపు జరిగింది. మొదటి ఎంట్రీ నాకిప్పటికీ నోటికొచ్చు. ఎడమవైపు, నా గొంతు వణుకుతుంది, అందరూ తలలు తిప్పి చూస్తారు, ఎవరో ఒకరు జాలిపడతారు. కుడివైపు, గొంతు వణికింది, ఇద్దరు చూశారు, ఒకాయన నేను చెప్పింది రాసుకున్నారు. అంతే ఉంది ఆ పేజీలో. కానీ నేను ఆ చివరి మూడు పదాల్ని, నేను చెప్పింది రాసుకున్నారు, ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలీదు. నోట్‌బుక్ ఎందుకంటే మన జ్ఞాపకం నిజం చెప్పదు, తడబడిన ఒక్క క్షణాన్ని పట్టుకుని బాగా జరిగిన పది నిమిషాల్నీ తుడిచేస్తుంది. చేతిరాతతో ఉన్నదాన్ని తుడవలేదు. పని చెయ్యకముందే ఎడమవైపు రాయాలి, అది మర్చిపోవద్దు, అయిపోయాక రాస్తే నేను ముందే అనుకున్నాలే అనిపిస్తుంది.

ఇంకో దొంగదారి ఉంది, దాని గురించి చెప్పకపోతే తప్పవుతుంది. పని చేస్తాం కానీ సగం తప్పుకుంటూ చేస్తాం. నేను మాట్లాడేటప్పుడు మొత్తం కాగితం మీద రాసుకుని తల ఎత్తకుండా చదివేసేదాన్ని. కాగితం వణికితే ఆ గరగరమనే చప్పుడు మైక్‌లో వినపడి ఇంకా కంగారొచ్చేది. మాట్లాడాను కదా అనుకునేదాన్ని, కానీ మెదడు ఏం నేర్చుకుందంటే, కాగితం ఉంది కాబట్టి బతికిపోయావు, లేకపోతే అయిపోయేదానివి అని. ఫోన్ చెయ్యాల్సిన చోట మెసేజ్ పెట్టడం, ఎక్కడికెళ్ళినా తోడు లేనిదే వెళ్ళకపోవడం, సరిగ్గా టైంకి వెళ్ళి టైంకి వచ్చేసి ఎవరితో మాట్లాడకపోవడం, ఇవన్నీ ఈ కోవలోవే. మొదట్లో ఊతకర్ర ఉండొచ్చు, తప్పేం లేదు, కానీ దాన్ని ఎప్పుడు వదుల్తామో కూడా లిస్ట్‌లో ఉండాలి. నేను పేజీని సగం చేశాను, తర్వాత ఐదు పాయింట్లు, తర్వాత అరచేతిలో పట్టే చీటీ. ఇవాళ నా చేతిలో ఏమీ లేదు.

నాకూ కుక్క దూకింది. లిస్ట్‌లో చాలా దూరం వచ్చాక నలభై మంది ఉన్న గదిలో మాట్లాడుతున్నాను, ప్రొజెక్టర్ ఆగిపోయింది, తెర తెల్లగా అయిపోయింది, దాంతోపాటే నా బుర్ర కూడా. అదే పన్నెండేళ్ళ పిల్ల, అదే గుయ్యిమనే చప్పుడు. రెండు నిమిషాలు ఏదో గొణిగి క్షమించండి అని కూర్చున్నాను. ఆ వారమంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఏడాదిన్నర పని బూడిదైపోయింది అనుకున్నాను. అప్పటికి పీటర్ కథ తెలిసి ఉండటం నా అదృష్టం. పాత భయం పూర్తిగా చెరిగిపోదని, దాని మీద కొత్త అనుభవం పేరుకుంటుందని, గట్టి దెబ్బ తగిలితే కిందిది ఒక్కోసారి పైకి వస్తుందని సైన్స్ కూడా చెప్తుంది, పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త కుక్కల మీద చేసిన ప్రయోగాల దగ్గర్నుంచీ తెలిసిన సంగతే. అందుకని మళ్ళీ ఐదుగురి మీటింగ్‌కి వెళ్ళాను, మళ్ళీ ఒక్క వాక్యం. ఈసారి మార్కులు పదిహేను. మొదటిసారి నెలలు పట్టిన మెట్లు మూడు వారాల్లో ఎక్కేశాను. మొదటికొచ్చాం అనిపిస్తుంది గానీ మొదటికి రాము, కాళ్ళకి ఆ మెట్లు గుర్తుంటాయి.

ఇప్పుడు కాన్ఫిడెన్స్ గురించి. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, నాలాగా మైక్ పట్టుకున్నవాళ్ళు, అందరూ నువ్వు చెయ్యగలవు నువ్వు చెయ్యగలవు అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఆల్బర్ట్ బందూరా అని సైకాలజిస్ట్, నావల్ల అవుతుంది అనే నమ్మకం ఎక్కణ్ణించి వస్తుందో 1977లో రాశారు, నాలుగు చోట్ల నుంచి అన్నారు, సొంతంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్ళు చెయ్యడం చూడటం, ఇతరులు చెప్పే మాట, మన ఒంటి స్థితి. ఈ నాలుగింట్లో అన్నిటికంటే బలమైంది మొదటిది, సొంతంగా చేసింది. మాట సాయం బలహీనమైంది, చెప్తున్నప్పుడు బాగుంటుంది, మొదటి ఎదురుదెబ్బకి ఎగిరిపోతుంది. ఆయనే అంతకుముందు 1969లో ఇంకో ఇద్దరితో కలిసి, పాములంటే విపరీతంగా భయపడేవాళ్ళ మీద ప్రయోగం చేశారు. కొంతమందికి సినిమా చూపించారు, కొంతమందిని ఊహించుకోమన్నారు, కొంతమందికి మాత్రం ఒక మనిషి ముందు తను పాముని పట్టుకుని చూపించి, తర్వాత పక్కనే ఉండి వాళ్ళ చేత కొంచెం కొంచెంగా పట్టించారు. ఈ మూడో రకం వాళ్ళలో దాదాపు అందరికీ ఆ భయం పోయింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా భయపడుతుంటే చెయ్యగలవు అని దూరం నుంచి అరవకండి, పక్కన నిలబడి మొదటి మెట్టు కలిసి ఎక్కండి, తర్వాత చెయ్యి వదలండి. ఇక పిరికిమందు పోసేవాళ్ళు కూడా ఉంటారు, నీకెందుకమ్మా ఇవన్నీ అని. వాళ్ళతో వాదించి గెలవాలని చూడకండి, ఆ ఓపిక మీ మెట్టుకి దాచుకోండి.

ఒక మాట చాలా సీరియస్‌గా చెప్పాలి. అన్ని భయాలూ ఎదిరించాల్సినవి కావు. అప్పు నెత్తిమీద ఉండగా చేతిలో పని వదిలేసి దూకుదామా అనుకుంటే లోపల భయం వేస్తోందంటే అది మంచి సలహా అయ్యుండొచ్చు, విని లెక్కలు వేసుకోండి. మనల్ని కొట్టే మనిషంటే భయం ఉంటే దాన్ని అలవాటు చేసుకోకూడదు, అక్కణ్ణించి బయటపడాలి. నేను తేడా ఎలా చూస్తానంటే, ఈ పని చెడిపోతే నాకు పోయేదేంటి అని రాసుకుంటాను. ప్రాణమో ఆరోగ్యమో కూడో గూడో పోతుందంటే ఆగుతాను. నామోషీ ఒక్కటే కలిగేదైతే ముందుకెళ్తాను. ఇంకోటి, భయం వల్ల గడప దాటలేకపోతున్నా, ఊపిరాడనట్టు అయిపోయే అటాక్స్ మళ్ళీ మళ్ళీ వస్తున్నా, నెలల తరబడి నిద్ర లేకపోయినా, నోట్‌బుక్ చాలదు, డాక్టర్ని కలవండి. నేను చెప్పిన ఈ మెట్ల పద్ధతినే ఎక్స్‌పోజర్ థెరపీ అని తర్ఫీదు ఉన్నవాళ్ళు పక్కనుండి చేయిస్తారు, బాగా పనిచేస్తుంది. అది తలొంపు కాదు.

టైం అయిపోతోందని చెప్తున్నారు. మీరంతా ఏదో ఒకటి మనసులో పెట్టుకుని వచ్చుంటారు, ఆగిపోయిన చదువు, నేర్చుకోవాలనుకున్న ఈత, అడగాలనుకున్న ప్రశ్న, రాసి సొరుగులో పెట్టేసిన కాగితాలు. గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1995లో రాశారు, అప్పటికప్పుడు చూస్తే చేసి చెడిపోయిన పని ఎక్కువ బాధపెడుతుంది, కానీ జీవితం మొత్తం వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు చెయ్యకుండా వదిలేసినవే ఎక్కువ గుచ్చుకుంటాయి అని. నాకు ఆ పుస్తకం మూసిన చప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు వినపడుతుంది. ప్రొజెక్టర్ ఆగిపోయిన రోజు మాత్రం ఇప్పుడు ఒక రోజు, అంతే, దాంట్లో గుచ్చుకునేదేం లేదు.

హమ్మయ్యల్లో ఇంకో రకం ఉంటుంది, అది కూడా చెప్పేసి ముగిస్తాను. ఆ మొదటి వాక్యం మాట్లాడి కూర్చున్నాక కూడా నాకు హమ్మయ్య అనే వచ్చింది. మాట అదే, కానీ రుచి వేరు. మొదటి రకం వచ్చినప్పుడు భుజాలు ముడుచుకుంటాయి, గదిలోంచి త్వరగా వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఈ రెండో రకం వచ్చినప్పుడు నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను, చుట్టూ ఉన్న మొహాలు చూశాను, ఐదుగురివీ, మొదటిసారి. ఈ వారంలో మీకు హమ్మయ్య అనిపించిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇది ఏ రకందో చూసుకోండి, దిద్దుకోవడం తర్వాత, ముందు చూసుకోండి.

ఇంక ప్రశ్నలకి పది నిమిషాలు ఉన్నాయి. నాలుగో వరసలో గోడ పక్కన కూర్చున్న మీరు, నీలం రంగు చొక్కా, అవును మీరే. ఇందాకట్నుంచీ మూడుసార్లు చెయ్యి సగం ఎత్తి దించేశారు, నేను చూస్తూనే ఉన్నాను. మైక్ అటు ఇవ్వండి ఒకసారి. లేవక్కర్లేదు, కూర్చునే అడగండి. గొంతు వణికినా ఏం పర్లేదు, మాకు తొందరేం లేదు, మేం ఆగుతాం.